మనది ఏ వైపు?

పోయినవారం మిమ్మల్ని కొత్త హాలు మధ్యలో నిలబెట్టి వెళ్ళిపోయాను. ఈపాటికి కాళ్ళు పీకుతూ ఉంటాయి. ఆ రోజు నాకు ఆ పీకుడు కూడా తెలియలేదు. ఎందుకో చెబుతాను.

మా విశ్వవిద్యాలయంలో మర్నాడు కొత్త బాస్కెట్‌బాల్ హాలు తెరవబోతున్నారు. 'మా' అని ధైర్యంగా రాసేశాను గానీ, రెండు నెలల కిందట పెళ్ళయ్యేదాకా దాని ప్రహరీగోడ తప్ప నేను చూసిందేమీ లేదు. ఈయన అక్కడి మగపిల్లల జట్టుకి సహాయ కోచ్. మామయ్యగారు ఒకప్పుడు ఆ జట్టు కెప్టెన్, ఆ తరవాత చాలాకాలం కోచ్. ఉద్యోగం వదిలినా కెప్టెన్ అన్న పిలుపు ఆయన్ని వదల్లేదు. పాలవాడి దగ్గర్నుంచి వైస్‌ఛాన్సలర్ దాకా అందరికీ ఆయన కెప్టెనే. అత్తయ్యకి కూడా. "కెప్టెన్, స్నానానికి నీళ్ళు పెట్టాను" అని ఆవిడ పిలుస్తుంటే కొత్తలో నేను వంటింట్లోకి పారిపోయి నవ్వుకునేదాన్ని.

ఆ జట్టు తన చరిత్ర మొత్తంలో గెలిచింది ఒక్కటే కప్పు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, ఇదే చోట ఉన్న పాత సిమెంటు కోర్టు మీద, ఆఖరి క్షణంలో పడిన ఒక్క బంతితో. ఆ బంతి వేసింది కెప్టెన్. ఆయన నిలబడి వేసిన చోట నేలలో ఇత్తడి బిళ్ళ ఒకటి పొదగాలని అనుకున్నారు. ఆ చోటు చూపించడానికి మామయ్యగారు వచ్చారు. వెంట అత్తయ్య, ఈయన, నేను. సరదాగా చూసిపోతాడని మా నాన్నని కూడా నేనే రమ్మన్నాను. అమ్మ మా కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని నాన్నని పంపింది.

మామయ్యగారు బూటు మొనతో నేల తాటించి "ఇక్కడ" అన్నారు. నేల మేస్త్రి సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. అప్పుడు, అప్పటిదాకా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మా నాన్న, "అక్కణ్ణుంచి ఎవరూ వేయలేదు, బావగారూ" అన్నాడు.

అక్కడ ఆపాను.

అలాంటి మాట వింటే గుండె ఝల్లుమంటుందని కథల్లో చదివాను. నా గుండె ఏమీ అనలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఉంటుంది చూడండి, ఉందని తెలుస్తుంది గానీ మనది కాదనిపిస్తుంది, ఒళ్ళంతా అలా అయిపోయింది. అలాంటప్పుడు కళ్ళు మాత్రం పనికిమాలినవన్నీ చూస్తాయి. ఈయన చొక్కాకి రెండో బొత్తాం నేను కుట్టింది. మిగతావాటికి తెల్లదారం, దానికొక్కదానికి లేతనీలం. పొద్దున్న ఆ నీలం చుక్కని చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్తే నవ్వుతారు. ఇప్పుడూ దాన్నే చూస్తున్నాను. బొత్తాం. అంతే.

మామయ్యగారు నవ్వారు. అది సభల్లో నవ్వే నవ్వు.

"ఏమిటి బావగారూ, కొలత తప్పిందంటారా? జానెడు అటో ఇటో ఉంటుందేమో. ఈ కోర్టు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు."

"జానెడు కాదు. అసలు ఈ వైపే కాదు."

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని గిన్నెలో ఏదో కలుపుతున్నాడు. తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయ్యా, జిగురు కలిపేశాను. గట్టిపడిందంటే గిన్నెతో సహా పారేయాలి. ఈ వైపా, ఆ వైపా?"

"ఎక్కడో ఒకచోట పెట్టేయవయ్యా బాబూ," అంది అత్తయ్య. "నేను కాపురానికి వచ్చేసరికే ఆ బంతి మా ఇంట్లో కాపురం ఉంది. అన్నం ముందు కూర్చుంటే బంతి, చుట్టాలొస్తే బంతి. పురిటినొప్పులు పడుతూ నేను అరుస్తుంటే, పక్క బెంచీ మీదాయనకి ఈయన బంతి కథ చెబుతున్నాడు. ఆ బిళ్ళేదో దిగేస్తే నాకు కాస్త తెరిపి."

ఈయన నవ్వలేదు. వాళ్ళమ్మ ఏ జోకు వేసినా ముందు నవ్వే మనిషి. అది కూడా చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆ బంతి లేకపోతే ఈ జట్టుకి చరిత్రే లేదు. ఇది నా మాట కాదు, ఈయన రాస్తున్న పుస్తకంలో మాట. హాలు తెరిచిన ఏడాదిలోనే జట్టు చరిత్ర అచ్చువేయించాలని ఈయన సాయంత్రాలు కూర్చుని రాస్తున్నారు. అక్షరదోషాలు దిద్దే ఉద్యోగం నాది. ఒకే కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని కూర్చోవడమే జీతం. మొదట్లో కోర్టు లేదు. రసాయనశాస్త్రం భవనం వెనక ఖాళీస్థలంలో పిల్లలే ఇసుకా సిమెంటూ మోసి పోసుకున్నారు. రింగులు వర్క్‌షాపు విద్యార్థులు చేసిచ్చారు, రెండిట్లో ఒకటి కాస్త కిందికి ఉండేది. మొదటి కోచ్ గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన. ఆటగాళ్ళని కూడా "నిశ్శబ్దం" అనే అదిలించేవాడట. తరవాత ఓటములు. ఎన్ని ఓటములని! ఒక ఏడాది ఒక్క ఆటా గెలవలేదు, ఆ మరుసటి ఏడాదీ అంతే. కప్పు తరవాత కూడా ఓటములే. ఎన్నిసార్లో జట్టుని తీసేద్దామన్నారు. ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, "కెప్టెన్ బంతి పడిన కోర్టండీ ఇది" అనేవారు. జట్టు బతికిపోయేది. ఈ హాలూ అలా కట్టిందే. ఆ రోజు కోర్టు చుట్టూ నిలబడి చూసినవాళ్ళు రెండొందలమంది. చూశామని చెప్పేవాళ్ళు ఇప్పుడు రెండువేలమంది ఉంటారు.

నాన్న గుమ్మం దగ్గరే బూట్లు విడిచాడు. మేజోళ్ళ కాళ్ళతో, కొత్త వార్నిషు మీద జారకుండా మెల్లగా, సుద్దగీత దాటి, మధ్యగీత దాటి, అవతలి రింగు కిందికి వెళ్ళి నిలబడ్డాడు. తలెత్తి వలని చూశాడు.

"ఇక్కణ్ణుంచి. నేనే వేశాను."

"నువ్వా?" అన్నాను. నా గొంతు నాకే పక్కింట్లోంచి వచ్చినట్టు వినిపించింది. "నీకు బాస్కెట్‌బాల్ వచ్చా నాన్నా?"

మా ఇంట్లో బంతి అన్న వస్తువే లేదు. తాడాట తాడు కొనిచ్చాడు, క్యారమ్స్ బల్ల కొనిచ్చాడు, సైకిలు కొనిచ్చాడు. బంతి అడిగితే మాత్రం "షాపు నిండా అద్దాలున్నాయి తల్లీ" అనేవాడు. షాపు కింద, ఇల్లు పైన. నేనూ నమ్మాను.

"ఎదుటి జట్టులో ఉండేవాణ్ణి," అన్నాడు నాన్న. "పన్నెండో నంబరు. పన్నెండుమందిలో పన్నెండోవాణ్ణి."

నాన్న కోపంగా చెప్పలేదు, బాధగా చెప్పలేదు. కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెడుతూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడిగే గొంతు ఒకటుంది. ఏ అద్దం బాగుందన్నా ఆ గొంతు మారదు. ఆ గొంతుతోనే చెప్పుకుపోయాడు.

"మొదటి సగమంతా బెంచీ మీదే ఉన్నాను. బెంచీ ముందు ఈ రింగే. మావాళ్ళు దీన్లోనే వేస్తున్నారు. నాకు బంతొస్తే ఏ కాలు మీద లేవాలి, ఏ చేత్తో వదలాలి అని కూర్చున్నచోటే వేసుకుంటున్నాను. మనసులో ఎన్ని వేశానో. ఇంతలో మావాడొకడికి చీలమండ మడతపడింది. తీసుకెళ్ళి కట్టు కట్టించుకు రమ్మన్నారు. ఆ కాంపౌండరు ఎక్కడికో పోయాడు, వాణ్ణి వెతికి, కట్టు కట్టించి, వీణ్ణి భుజం మీద వేసుకుని వచ్చేసరికి ఆఖరి నిమిషం. మేము ఒక్క పాయింటు ముందున్నాం. మావాడు ఇంకొకడు అయిదో ఫౌలు చేసి బయటికి వచ్చేశాడు. మా కోచ్ నా మెడ పట్టుకుని లోపలికి తోశాడు."

బాస్కెట్‌బాల్ తెలియనివాళ్ళ కోసం ఒక్కమాట. రెండు నెలల కిందట నాకూ తెలియదు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. అప్పటిదాకా మనం బంతి వేసిన రింగు, ఆ తరవాత మనం కాపాడుకోవలసిన రింగు అవుతుంది.

"మీ జట్టులో పొడుగాయన ఒకడుండేవాడు చూడండి. అతను వేశాడు. రింగు అంచుకి తగిలి పైకి లేచింది. నేను ఎగిరి పట్టుకున్నాను. భలే దొరికింది. కిందికి దిగి, మళ్ళీ లేచి, వేసేశాను. ఒక్కడూ అడ్డం రాలేదు బావగారూ. చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కడూ చెయ్యి ఎత్తలేదు. వీళ్ళంతా ఎందుకాగిపోయారా అనుకున్నాను. వల చప్పుడైంది. రింగుకి కూడా తగల్లేదు. నా జన్మలో అంత శుభ్రంగా ఎప్పుడూ వేయలేదు."

మళ్ళీ వలకేసి చూశాడు.

"చేతులు రెండూ ఎత్తి గెంతాను కూడా."

మేస్త్రి కలపడం ఆపేశాడు. పైన ఎక్కడో కొత్త పంకా ఒకటి తిరుగుతోంది, చిన్నగా కిర్రుమంటోంది.

"తిట్టారా అన్నయ్యగారూ?" అంది అత్తయ్య. ఆవిడ గొంతులో వెటకారం పోయింది.

"లేదు చెల్లెమ్మగారూ. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ ఏమీ అనలేదు. కిటికీ పక్క సీటు కూడా నాకే వదిలేశారు. రోజూ దాని కోసం కొట్టుకునేవాళ్ళం."

ఆ మాట దగ్గర నాకు ఏడుపు రావాలి. వస్తుందేమోనని చూశాను. రాలేదు. దానికి బదులు ఇంకొకటి వచ్చింది. మా ఇంట్లో నాన్న మీద ఒక జోకుంది. సినిమా హాలుకి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా, రైలు ప్లాట్‌ఫారం మీదైనా, అడుగుపెట్టగానే ఆగిపోయి, "మనది ఏ వైపు?" అని అడుగుతాడు. చెప్పాక కూడా ఇంకొకళ్ళని అడిగి రూఢి చేసుకుంటాడు. నా పెళ్ళిలో మండపం గుమ్మం దగ్గర నిలబడి, పెళ్ళికూతురి తండ్రి అయ్యుండి, "మనవాళ్ళది ఏ వైపు?" అని పూలవాణ్ణి అడిగితే అందరూ పడీపడీ నవ్వారు. ఈ హాల్లోకి వచ్చేటప్పుడూ అడిగాడు. ఈయనా నేనూ మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నాం.

ఈయన నవ్వారా? ఆలోచిస్తే, నేనే నవ్వాను.

"పొరపాటున సొంత రింగులో వేస్తే, ఆ పాయింట్లు ఎదుటి జట్టు కెప్టెన్ పేరున రాస్తారు," అన్నారు ఈయన. ఎవరూ అడగలేదు. పాఠం అప్పజెబుతున్న పిల్లవాడిలా నేలకేసి చూస్తూ అన్నారు. "రూలు అది."

"రూలు అదే," అన్నారు మామయ్యగారు. సభల నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. ఆటగాళ్ళు కూర్చునే బెంచీ మీద కూలబడ్డారు. ఇంకా దాని ప్లాస్టిక్ కవరు తీయలేదు, కరకరమంది. "నేను అప్పుడెక్కడున్నానో తెలుసామ్మా? ఇదిగో, ఈ చివర. పిక్క పట్టేసి బోర్లా పడున్నాను. నేల తప్ప ఏమీ కనబడలేదు. కేకలు వినిపించాయి. ఓడిపోయాం అనుకున్నాను. ఎవరో లేపి భుజాల మీద ఎక్కించుకున్నారు. మైకులో చదివాడు, ఆఖరి రెండు పాయింట్లు కెప్టెన్ అని. వంగి ఆ పొడుగువాణ్ణి అడిగాను, ఎవడేశాడ్రా అని. 'రూలు ప్రకారం నువ్వేరా' అని పగలబడి నవ్వాడు."

"మరి మీరేమన్నారు?" అన్నాను.

"నేనూ నవ్వాను. వారం రోజులు మా జట్టంతా అదే జోకు. నా కాఫీ ఎవడు తాగేశాడ్రా అంటే, రూలు ప్రకారం కెప్టెన్. హాస్టలు కిటికీ ఎవడు పగలగొట్టాడంటే, రూలు ప్రకారం కెప్టెన్. ఆ తరవాత కొత్త పిల్లలొచ్చారు. వాళ్ళకి జోకు తెలీదు. బంతి ఒక్కటే తెలుసు. ఎలా వేశారు సార్ అని అడిగారు. ఒకడికి ఏదో చెప్పాను. మర్నాడు వాడే నాకు ఇంకాస్త బాగా చెప్పాడు."

అత్తయ్య ఆయన్ని చాలాసేపు చూసింది.

"మా నాన్న నన్ను మీకిచ్చింది పేపర్లో ఆ బంతి సంగతి చదివి. ఉద్యోగం లేకపోతే ఏం, ఆఖరి నిమిషంలో చెయ్యి వణకని కుర్రాడు అన్నాడు. అయితే ఇన్నాళ్ళూ నేను కాపురం చేసింది ఎవరితో?"

"నాతోనే కదే."

"రూలు ప్రకారమా?"

మామయ్యగారు తల దించుకున్నారు. ఇంకెప్పుడైనా అయితే నేను వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. ఇక్కడ వంటిల్లు లేదు, నవ్వూ రాలేదు.

"నాకు కోపం లేదు బావగారూ," అన్నాడు నాన్న అక్కణ్ణుంచే. "ఉంటే బాగుండేది. మొదట్లో ఉంటుందేమోనని ఎదురుచూశాను కూడా. మీరు ఎన్ని సభల్లో చెప్పినా, పేపర్లో ఎన్నిసార్లు వేసినా, నేనొచ్చి కాదన్నానా? మాటల్లో ఉన్నంతసేపు అది మాటే. ఇప్పుడు నేలలో దిగేస్తున్నారు. రేపటినుంచి పిల్లలు దాని మీద కాలు మోపి ఆడతారు. ఎవరు వేశారన్నది మీ ఇష్టం. వైపు మాత్రం తప్పు పెట్టకండి."

"అయ్యా," అన్నాడు మేస్త్రి, "పావుగంటకి మించి ఆగదు ఇది." చేతులు రెండూ జిగురే. మోచేత్తో ఇత్తడి బిళ్ళని నా వైపు నెట్టి, "అమ్మా, మీరు కాస్త పట్టుకోండి, దీనికి అంటుకుంటే మెరుపు పోతుంది" అన్నాడు. వంగి తీసుకున్నాను. అరచేతిలో సరిగ్గా పట్టింది. చల్లగా ఉంది. మీద నక్షత్రం ఒకటి చెక్కారు. బాగుంది. బాగుందని తెలుస్తోంది.

మామయ్యగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"బావగారూ, ఇది ఎవరు చేసింది?"

"నేనే."

"మూడేళ్ళయింది. పేరు పొందిన షాపని ఎవరో చెబితే వచ్చాను. మీరు దీపం పట్టుకుని నా కళ్ళలోకి చూశారు. మీ ముక్కు మీద మచ్చ చూసి నేను గుర్తుపట్టాను. రిఫరీ ఈల వేశాక కూడా చేతులెత్తి నిలబడ్డవాడి మొహం పేపర్లో పడింది కదా. మీరు మాత్రం నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను."

"గుర్తుపట్టకపోవడమేమిటి? కుడి కంటికి ఒకటింపావు, ఎడమకి ఒకటిన్నర."

"మరి అప్పుడే ఒక్కమాట అనొచ్చుగా!"

"కళ్ళు చూసేటప్పుడు మాట్లాడితే తల కదులుతుంది."

మామయ్యగారు అద్దాలు తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

నేను లెక్క వేసుకుంటున్నాను, మందకొడిగా, నీళ్ళలో నడుస్తున్నట్టు. మామయ్యగారికి నాన్నెవరో తెలుసు. నాన్నకి మామయ్యగారెవరో తెలుసు. తెలిసే పెళ్ళిమాటలకి ఎదురెదురుగా కూర్చున్నారు. తెలిసే "బావగారూ" అని కౌగిలించుకున్నారు. అయితే నా పెళ్ళి...

లేదు. నా పెళ్ళి వాళ్ళు చేసింది కాదు. ఇక్కడ నాకొక ఆధారం ఉంది. ఇదివరకటి భాగాల్లో మీకు విసుగొచ్చేలా చెప్పాను, అయినా చెబుతాను, అది చెప్పకుండా నేను ఉండలేను. ఈయన మా షాపుకి మూడుసార్లు వచ్చారు. చూపు దివ్యంగా ఉన్న మనిషి. రోడ్డు మీద పోతూ, అద్దాల వెనక ఫ్రేములు తుడుస్తున్న నన్ను చూసి, ఏం చెయ్యాలో తోచక లోపలికి వచ్చి కళ్ళజోడు కావాలన్నారట. నాన్న పరీక్ష చేసి, మీకు అక్కర్లేదు బాబూ అన్నాడు. రెండోసారి తలనొప్పి అన్నారు. మూడోసారి, "పవరు లేకపోయినా ఫరవాలేదు, మీరు ఏ ఫ్రేము బాగుందంటే అదే" అని నన్నడిగారు. ఆ ఉత్త అద్దాల కళ్ళజోడే ఇప్పటికీ పెట్టుకు తిరుగుతున్నారు. కళ్ళు బాగున్నవాడికి కళ్ళజోడు అంటగట్టిన పిల్ల అని నన్ను మా వీధంతా ఏడిపించింది. ప్రపంచంలో ఏది కదిలినా అది మాత్రం కదలదు. రోడ్డు, అద్దం, నేను.

"వీడు చరిత్ర రాస్తానన్నప్పుడు," అన్నారు మామయ్యగారు, "నాకు భయం వేసింది. ఇంక దాచలేక వీడొక్కడికి చెప్పాను. ఫలానా వీధిలో ఫలానా షాపు, వెళ్ళి ఆయన్ని అడుగు, ఆయన ఏం చెబితే అది రాసెయ్యి అన్నాను. నాకు ధైర్యం లేదు గనక వీణ్ణి పంపాను. వెళ్ళాడు. నాలుగుసార్లు వెళ్ళాడు. చివరికి ఏమడిగావురా అంటే కళ్ళజోడు పెట్టుకొచ్చి చూపించాడు."

"మూడుసార్లు," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. చాలాసేపటి తరవాత నేను మాట్లాడింది ఆ ఒక్కమాటే.

"నాలుగమ్మా," అన్నారు మామయ్యగారు. "ప్రతిసారీ బండి నాదే తీసుకెళ్ళాడు."

అంటే ఈ హాల్లో ఏమీ తెలియనివాళ్ళం ముగ్గురం. అత్తయ్య, నేను, నేల మేస్త్రి.

ఈయన వైపు తిరిగాను. ఈయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు. వాటిలో తుడవడానికి ఏముందని? పెట్టుకున్నా తీసినా ఈయనకి ఒకేలా కనబడతాను నేను. ఆ నీలం దారం బొత్తాం దగ్గర వేళ్ళు తచ్చాడుతున్నాయి.

పెద్దవాళ్ళ ముందు ఈయన్ని 'మీరు' అంటాను. మేమిద్దరమే ఉన్నప్పుడు 'నువ్వు'. ఎవరైనా గదిలోకి వచ్చినప్పుడు మాట మధ్యలో 'నువ్వు'ని 'మీరు'గా మార్చడం మా ఇద్దరికీ గొప్ప ఆట. ఎన్నోసార్లు దొరికిపోబోయి తప్పించుకున్నాను. ఇవాళ తప్పించుకోవాలని కూడా తోచలేదు.

"నువ్వు," అన్నాను. అత్తయ్య తలెత్తింది. "నువ్వు నన్ను రోడ్డు మీంచి చూసి లోపలికొచ్చావా, లోపలికొచ్చాక చూశావా?"

ఈయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

నా నోట్లోంచి నాన్న గొంతు వచ్చింది. పుట్టినప్పట్నుంచీ విన్న గొంతు, ఏ అద్దం బాగుందన్నా మారని గొంతు.

"చెప్పు. మొదటిదా, రెండోదా?"

"మొదటిసారి నువ్వు షాపులో లేవు," అన్నారు ఈయన. మెల్లగా, అందరికీ వినబడేలా. "నువ్వు ఊళ్ళో కూడా లేవు. మీ నాన్నగారు షట్టరు సగం దించారు. పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం. వెళ్ళొస్తానని లేస్తుంటే ఆయన నన్ను ఒకటి అడిగారు. నేను సరేనన్నాను. ఆ తరవాతే రెండోసారి వచ్చాను. నిన్ను చూడ్డానికి."

నేను నాన్న వైపు తిరిగాను.

నాన్న ఆ రింగు కిందే, మేజోళ్ళ కాళ్ళతో, రెండు చేతులూ కొంచెం పైకెత్తి ఆగిపోయి ఉన్నాడు. ఏం ఎత్తబోయాడో, ఏం ఆపబోయాడో. చుట్టూ మేము ఇంతమందిమి ఉన్నాం. ఒక్కరం కదల్లేదు. నా పిడికిట్లో ఇత్తడి బిళ్ళ వేడెక్కింది. వెనకాల మేస్త్రి గిన్నెని నేలకేసి తట్టి చూసి, "గట్టిపడిపోయిందండీ" అన్నాడు.